ఆగిన బండి పక్కనుంచి ఎలా వెళ్ళాలి

సభాధ్యక్షులు, మన బ్రేకు ఇనస్పెక్టరు గోపీనాథ్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక వరసల్లో కూర్చుని టిఫిన్లు ఎప్పుడు పెడతారా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు, నా దగ్గర కారు నేర్చుకుని ఈ తాడేపల్లిగూడెం వీధుల్లో ఇప్పటిదాకా ఎవరినీ గుద్దకుండా నా పరువు కాపాడుతున్న శిష్యులకు, గుద్దినా నా పేరు బయటపెట్టని శిష్యులకు మరీ మరీ, నమస్కారాలండీ. (నవ్వులు)

ఈ సన్మానంలో ఒక తమాషా ఉంది. ఇందాక నాకు శాలువా కప్పిన చేతులే రెండు నెలల కిందట నా లైసెన్సు కాగితాలు పక్కన పెట్టేశాయి. కళ్ళ డాక్టరుగారు ఇచ్చిన చీటీ పట్టుకుని గోపీనాథ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఎదురుగా గోడమీదున్న క్యాలెండరు చూపించి, "మాస్టారూ, ఆ బొమ్మలో ఏ దేవుడున్నాడండీ?" అని అడిగారు. నేను కాసేపు చూసి, "వేంకటేశ్వరస్వామండీ" అని, చెప్పులు విడిచి దణ్ణం కూడా పెట్టాను. అది విత్తనాల కంపెనీవాళ్ళ క్యాలెండరట. ఉన్నది వంకాయట. (నవ్వులు) వంకాయకి దణ్ణం పెట్టినవాడు ఇంకొకరికి దారి చూపించకూడదని ఆయన అభిప్రాయం. నాకూ అదే అభిప్రాయం. అందుకే ఈ సభ.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట స్టేషను దగ్గర ఒక రేకుల షెడ్డులో సత్యవేణి డ్రైవింగ్ స్కూలు పెట్టాను. ఆ సత్యవేణి ఈవిడే, మా ఆవిడ, రెండో కుర్చీలో ఉన్నారు, లేచి నమస్కారం పెట్టమంటే పెట్టరు. స్కూలుకి ఆవిడ పేరు ఉంది గానీ ఆవిడకి డ్రైవింగ్ రాదు. నేర్పాను, నేర్పకపోలేదు. మొదటిరోజు పావుగంట నేర్పాను. ఆ పావుగంటలో నా నోటినుంచి వచ్చిన మాటలకి ఆవిడ బండి దిగి, నడిచి ఇంటికెళ్ళి, మూడురోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజున, "బయట మీరు మంచివారేనండీ, ఆ సీట్లో కూర్చుంటే మాత్రం మనిషి కారు" అని ఒక్క మాటన్నారు. కారులో నా పక్కన కూర్చున్న నాలుగువేలమందికీ ఈ సంగతి తెలుసు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

అంతమందికి నేర్పానండీ. గేర్లు నేర్పాను, ఎత్తుమీద ఆపడం నేర్పాను, వెనక్కి తిప్పడం నేర్పాను. అవన్నీ సరిగ్గానే నేర్పానని అనుకుంటున్నాను. ఒక్క పాఠం తప్పు నేర్పాను. ఇవాళ మీరంతా నా గురించి చాలా మంచిమాటలు చెప్పారు గనక, ఆ ఒక్కటీ నా నోటితో నేనే చెప్పుకుని దిగిపోతే బాగుంటుందని లేచాను.

పాఠం ఇది. రోడ్డు పక్కన బండి ఆగి ఉంటే ఏం చెయ్యాలి? నా శిష్యుల్లో పాతవాళ్ళు చెప్పండి. (వెనక వరసల నుంచి కేకలు) విన్నారా అండీ! "హారన్ కొట్టు, స్పీడు తగ్గించకు, స్టీరింగు తిప్పకు, తిన్నగా పో." ఇంతబాగా ఇంకేదీ వీళ్ళు నేర్చుకోలేదు. తగ్గిస్తే వెనకవాడొచ్చి గుద్దుతాడు, తిప్పితే పక్కవాడొచ్చి గుద్దుతాడు, ఆగినవాడి సంగతి ఆగినవాడే చూసుకుంటాడు: ఇదీ నా లెక్క. నాకు నేర్పిన లారీ డ్రైవరుగారు అలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను. ఆ ఆగిన బండి దగ్గర ఒక మనిషి వంగుని పని చేసుకుంటూ ఉంటాడన్న సంగతి, నిజం చెబుతున్నాను, ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మా ఆవిడ మొక్కు తీర్చడానికి కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గరికి వెళ్ళాం. ఏలూరులో మా మరదలి ఇంట్లో భోజనం చేసి, స్కూలు కారులోనే హైవే మీద తిరిగి వస్తుంటే, భీమడోలు దాటాక క్లచ్ పోయింది. క్లచ్ మీద కాలు పెట్టి ఉంచకండర్రా అని ముప్ఫయ్యేళ్ళు గొంతు చించుకున్నవాడి కారుకి క్లచ్ పోయిందన్నమాట. కారు నెమ్మదిగా రోడ్డు వారకి చేరి ఆగిపోయింది. ఒకవైపు హైవే, రెండోవైపు ఇనుప కమ్మీ, కమ్మీ దాటితే చేపల చెరువు గట్టు. మండుటెండ.

ఏలూరులో ఒక క్రేను షాపు నంబరు నా దగ్గర ఉంటే ఫోన్ చేశాను. అవతల ఎవరో నెమ్మదైన గొంతుతో, "ముందు మీరందరూ కారు దిగి, కమ్మీ దాటి, రోడ్డుకి దూరంగా నించోండి. అడ్రసు తర్వాత చెబుదురుగాని" అన్నారు.

నాకు పొడుచుకొచ్చింది. "ఏవండీ, నేను డ్రైవింగ్ మాస్టారినండీ" అన్నాను.

"అయితే ఇంకొంచెం దూరంగా నించోండి" అన్నారాయన. (నవ్వులు)

మా ఆవిడ ఆ మాట విని గొడుగు తీసుకుని వెళ్ళి గట్టుమీద నించున్నారు. నేను వెళ్ళలేదు. ముప్పావుగంటకి నెత్తిమీద పసుపుపచ్చ లైటు తిరుగుతూ క్రేను వచ్చింది. దిగినాయన మొహిద్దీన్ గారు. అదిగో, ఆ స్తంభం పక్కన నించున్నారు. కూర్చోండి మొహిద్దీన్ గారూ, ఇక్కడ ఎవరి బండీ ఆగిపోలేదు. ఆయన రాగానే క్రేను మా కారుకి ముందు పెట్టి, వెనక వైపు దూరందాకా ఎర్ర కోన్లు వరసగా పేర్చి, మా కారు కుడిపక్కన వెల్లకిలా పడుకుని గొలుసు తగిలించడం మొదలుపెట్టారు. కాళ్ళు రెండూ రోడ్డు వైపున్నాయి. నేను పక్కన నించుని ఆయనకి గొలుసు ఎలా తగిలించాలో చెబుతున్నాను. ఆయన పాతికేళ్ళుగా చేస్తున్న పనే అనుకోండి, అయినా మాస్టారిని కదా, చెప్పకుండా ఉండలేను.

"మాస్టారూ, మీరు ఆ గట్టు మీదికి వెళ్ళండి. మీకేమన్నా అయితే అమ్మగారికి నేనేం చెప్పనండీ?" అన్నారు కిందనుంచి.

"నాకేమవుతుందండీ, నేను రోడ్డు మీదే పుట్టాను" అన్నాను.

అప్పుడు తెలిసిందండీ, రోడ్డు మీద కూర్చోవడం వేరు, రోడ్డు మీద నించోవడం వేరు అని. ఒక్కో బండి వెళుతుంటే చొక్కా లేచి మొహాన పడుతోంది. లారీ వెళితే మనిషిని మనిషినే లాగుతోంది. కారులో కూర్చుని ఎనభై మీద పోతున్నప్పుడు ఎనభై అంటే ఏముంది, పాట వింటూ పోవచ్చు. నించుని ఉన్నవాడి పక్కనుంచి పోయే ఎనభై ఉందే, అది పాట కాదండీ. గట్టు మీదికి పోదామని నాకూ అనిపించింది. అనిపించాక, డ్రైవింగ్ మాస్టారు భయపడ్డాడని ఈయన ఏలూరంతా చెబుతాడేమోనని అక్కడే నించున్నాను. మనిషికి ప్రాణం కన్నా ఏది ఎక్కువో అలాంటప్పుడే తెలుస్తుంది, సిగ్గుచేటు.

ఇంతలో వెనకనుంచి ఒక తెల్లకారు. దూరం నుంచే హారన్. ఆ హారన్ ఆగడం లేదు, కారు తగ్గడం లేదు, ఒక్క జానెడు పక్కకి జరగడం లేదు. మొహిద్దీన్ గారు కాళ్ళు లోపలికి లాక్కున్నారు. కోను ఒకటి ఎగిరి కమ్మీ అవతల పడింది. ఆయన కుడికాలి చెప్పు కారు చక్రం కిందికి పోయి, ఎక్కడికి పోయిందో ఇప్పటికీ దొరకలేదు. నేను వీపుతో మా కారు డోరుకి బల్లిలా అతుక్కుపోయాను. ఆ తెల్లకారు అద్దం నా చొక్కా బొత్తాన్ని తాకి పోయిందండీ. బొత్తాన్ని.

కాస్త ముందుకి పోయి ఆ కారు ఆగింది. ఒకమ్మాయి దిగి వెనక్కి పరిగెత్తుకొస్తోంది. ఎండ కళ్ళలో పడుతోంది, నా కళ్ళ సంగతి ఇందాకే చెప్పాను, ఎవరో పోల్చుకోలేదు. ఆ భయమంతా కోపంగా మారి, నా జీవితంలో అరవనంత గట్టిగా అరిచాను: "ఎవడమ్మా నీకు డ్రైవింగ్ నేర్పిన వెధవ?"

ఆ అమ్మాయి ఆయాసపడుతూ వచ్చి, నా మొహం చూసి, చేతులు కట్టుకుని, "మీరేనండీ" అంది. (పెద్దగా నవ్వులు)

నవ్వండి, నవ్వండి. ఆ రోజు మాత్రం నవ్వింది ఒక్కరే, గట్టు మీద గొడుగు కిందున్నావిడ. "అడిగారుగా, చెప్పింది" అన్నారు అక్కణ్ణించే.

ఆ అమ్మాయి ఇందుజ. నా దగ్గర నేర్చుకుని లైసెన్సు తీసుకుని అప్పటికి ఆరునెలలు. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఇందుజ ఏడుస్తూ, "మీరు చెప్పినట్టే చేశాను మాస్టారూ. హారన్ కొట్టాను. స్పీడు తగ్గించలేదు. స్టీరింగు తిప్పలేదు" అని ఒప్పజెబుతోంది. పరీక్ష పెడితే నూటికి నూరు మార్కులు వెయ్యాలి. నా సీట్లో నేను కూర్చుని ఉంటే నేనూ అలాగే పోయేవాణ్ణి. అక్కడ పడుకున్నాయన కాళ్ళ మీదుగా, హారన్ కొట్టుకుంటూ.

మొహిద్దీన్ గారు లేచి, దుమ్ము దులుపుకుని, మిగిలిన చెప్పు కూడా విడిచేసి, "ఏడవకమ్మా, కాళ్ళు రెండూ ఉన్నాయి కదా" అన్నారు. ఆ మాట ఆయన ఊరికే అనలేదని క్రేనులో తిరిగి వస్తున్నప్పుడు తెలిసింది. నాకు ఫోనులో దూరంగా నించోమన్నది ఆయన అన్నగారు తాహిర్ గారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, ఒక పట్టపగలు, రోడ్డు పక్క ఆగిన లారీకి టైరు మారుస్తుంటే ఒక కారు ఆయన్ని ఈడ్చుకుపోయింది. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆ కారు ఎవరిదో తెలియలేదు. "హారన్ మాత్రం బాగా కొట్టాడటండీ" అన్నారు మొహిద్దీన్ గారు.

ఆ వారమంతా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. తాడేపల్లిగూడెంలో, ఏలూరులో, పెదపాడులో, ముదినేపల్లిలో, ఈ కొల్లేటి చుట్టూ కార్లు తోలేవాళ్ళలో ఎంతమంది నా చేతికింద నేర్చుకున్నారో నాకు తెలుసు. ఆ హారన్ కొట్టినవాడు నా దగ్గర నేర్చుకోలేదని నేను ఎవరిమీద ఒట్టు వెయ్యగలను? మా ఆవిడ చూసి చూసి, "ఇంట్లో తిరిగితే ఏమొస్తుందండీ, వెళ్ళి చూసి రండి, నేనూ వస్తాను" అన్నారు.

వెళ్ళాం. తాహిర్ గారు షాపులో బల్ల వెనక కుర్చీలో, ఎదురుగా ఫోను పెట్టుకుని కూర్చున్నారు. ఆయన భార్య జుబేదా గారు మాకు టీ తెచ్చిచ్చారు. నేను మొత్తం చెప్పేశాను. పాఠం ఏమిటో, ఎన్నేళ్ళు చెప్పానో అంతా. జుబేదా గారు లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ అలా వెళ్ళడం నేను మరిచిపోలేనండీ. తిట్టినా బాగుండేది.

తాహిర్ గారు, "ఎంతమందికి నేర్పారు మాస్టారూ?" అన్నారు.

"నాలుగువేల పైచిలుకండీ."

"వాళ్ళ ఫోన్ నంబర్లు ఉన్నాయా?"

"రిజిస్టర్లలో ఉన్నాయండీ. పాతవాళ్ళవి కొన్ని మారిపోయుంటాయి."

ఆయన బల్లమీదున్న ఫోను నా వైపు జరిపారు. "మధ్యాహ్నం పూట నాకు పెద్దగా ఫోన్లు రావండీ. ఆ రిజిస్టర్లు పట్టుకురండి. ఇద్దరం కూర్చుని చేద్దాం."

అంతేనండీ.

ఈలోగా గోపీనాథ్ గారి దగ్గరికి వెళ్ళి, దీనికి రూలేమిటో చెప్పండన్నాను. ఆయన పుస్తకం తీశారు. సైరన్ వేసుకుని వచ్చే అంబులెన్సుకో ఫైరింజనుకో పక్కకి తప్పుకోకపోతే పదివేల జరిమానా, జైలు కూడా పడొచ్చని ఉంది. "మరి ఆ అంబులెన్సే రోడ్డు పక్కన ఆగి పని చేసుకుంటుంటే?" అన్నాను. కొన్ని దేశాల్లో దానికి విడిగా చట్టం ఉందండీ అన్నారు. అంబులెన్సు గాని, పోలీసు బండి గాని, క్రేను గాని, లైట్లు వెలుగుతూ ఆగి ఉంటే దాని పక్క లైను ఖాళీగా వదిలేసి అవతల లైనులోకి జరగాలట. జరగడానికి వీల్లేకపోతే వేగం బాగా తగ్గించి వెళ్ళాలట. మరి మన దగ్గర అన్నాను. "అజాగ్రత్తగా నడిపితే కేసు పెట్టే సెక్షన్లున్నాయి గాని, ఇంత విడమరిచి నాకైతే కనబడలేదండీ" అని పుస్తకం మూసి, "ఆ రూలు రాసేదాకా ఆగుతారా మాస్టారూ?" అన్నారు. వంకాయ సంగతి ఎలా ఉన్నా, ఆ మాటకి మాత్రం, గోపీనాథ్ గారూ, మీకు రుణపడి ఉన్నానండీ.

ఇక ఫోన్లు. రోజూ మధ్యాహ్నం బస్సెక్కి ఏలూరు వెళ్ళేవాణ్ణి. నేను నంబరు చదవడం, తాహిర్ గారు నొక్కడం, నేను మాట్లాడడం. "బాబూ, నేను సత్తిరాజు మాస్టారిని. నీకొక పాఠం తప్పు చెప్పాను, ఆదివారం వచ్చి సరిచేయించుకో." ఒకాయన, "ఓటీపీ చెప్పనండీ, నాకు తెలుసు" అని పెట్టేశాడు. ఒకావిడ, "కారు అమ్మేశాం మాస్టారూ, ఇప్పుడు భయం లేదు" అంది. కొల్లేట్లో చేపల లారీలు నడిపించే మన హనుమంతరావు గారు, ఇక్కడే ఉన్నారు, ఏమన్నారో ఆయన్ని అడగండి. "ఇరవై రెండేళ్ళు మీరు చెప్పినట్టే తోలాను, ఇప్పుడు తప్పంటే ఆ ఇరవై రెండేళ్ళూ ఏం చెయ్యమంటారు?" అన్నారు. మంచి ప్రశ్నే. ఆదివారం వచ్చి నన్నే నిలదీయండి అన్నాను.

మొదటి ఆదివారం మొత్తం ముగ్గురొచ్చారు. అందులో ఒకరు ఇందుజ. హనుమంతరావు గారు నాతో పోట్లాడడానికి వచ్చారు. మూడో ఆయన అడ్రసు తప్పి వచ్చారు. (నవ్వులు) పాఠం పెద్దగా ఏమీ లేదండీ. పోలీసువారికి చెప్పి, ఉంగుటూరు దగ్గర హైవే వారన మొహిద్దీన్ గారి క్రేను లైటు తిప్పి నిలబెట్టాం. మేమంతా కమ్మీకి ఇవతల నించున్నాం. అంతే. నించోవడమే పాఠం. పదినిమిషాలు నించుంటే మనిషి కొత్తగా ఏదీ నేర్చుకోనక్కర్లేదు.

హనుమంతరావు గారు తెల్లటి ఇస్త్రీ బట్టల్లో ముందుకొచ్చి నించుని, "ఇందులో ఏముందండీ, మాస్టారు మరీ చాదస్తం" అంటున్నారు. అప్పుడొచ్చింది ఒక చేపల లారీ. హారన్ కొడుతూ, తగ్గకుండా, జరగకుండా, క్రేను పక్కనుంచి ఊడ్చుకుంటూ పోయింది. ఆ విసురుకి లారీలోంచి కారే ఐసు నీళ్ళు ఉన్నవి ఉన్నట్టు లేచొచ్చి ఆయన నెత్తిన పడ్డాయి. ఆయన కళ్ళు తుడుచుకుని, పిడికిలి ఎత్తి, "ఎవడిదిరా ఆ లారీ" అని చూస్తే, వెనక పెద్దక్షరాలతో ఆయన పేరే ఉందండీ. (చాలాసేపు నవ్వులు) మరుసటి ఆదివారం ఆయన డ్రైవర్లు పదకొండుమందినీ వెంటబెట్టుకొచ్చి వరసగా నిలబెట్టారు. ఆయన మాత్రం వెనక నించున్నారు.

అలా మూడేళ్ళు ఆదివారాలు నడిచాయి. ఎంతమంది వచ్చారని అడక్కండి. నాలుగువేలమంది మాత్రం రాలేదు. కొంతమంది పోయారు, కొంతమంది నవ్వారు, కొంతమంది వస్తామని రాలేదు. వాళ్ళలో ఎవరైనా ఈ హాల్లో ఉంటే టిఫిన్ అయ్యాక నా దగ్గరికి ఒకసారి రండి, నిలబెట్టే చెప్పేస్తాను. ఇందుజ మొదట నేర్చుకోవడానికి వచ్చి, తర్వాత నేర్పడానికి వచ్చింది. రేపటినుంచి సత్యవేణి డ్రైవింగ్ స్కూలు ఇందుజది. అది నాలాగ అరవదండీ. మొన్న మా ఆవిడ నాకు తెలియకుండా దాని పక్కన నాలుగు రోజులు కూర్చుని మొదటి గేరు, రెండో గేరు నేర్చుకున్నారని నిన్ననే తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ళకి! దీనిమీద నేనేమీ మాట్లాడదలుచుకోలేదు. (నవ్వులు)

చివరగా ఒక్క సంగతి. కిందటి మంగళవారం ఏలూరు నుంచి బస్సులో వస్తున్నాను. కైకరం దాటాక రోడ్డు పక్కన 108 అంబులెన్సు ఆగి ఉంది, లైట్లు తిరుగుతున్నాయి. ఎవరో మోటారుసైకిలు మీదనుంచి పడినట్టున్నారు. రోడ్డు అంచున ఒక నర్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, పడిపోయిన మనిషి తలకి కట్టు కడుతోంది. ఆవిడ వీపు రోడ్డు వైపు ఉంది.

మా ముందు ఒక కారు తగ్గింది. కుడివైపు లైనులోకి జరిగింది. దాని వెనక వ్యాను జరిగింది. ఒక ట్రాక్టరుకి జరగడానికి చోటు లేక, నడిచినట్టుగా వెళ్ళింది. మా బస్సూ జరిగింది. హారన్ ఎవరూ కొట్టలేదు. వాళ్ళలో నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు, ఈ కళ్ళకి కనబడలేదు. ఎవరు నేర్పారో వాళ్ళకి నా దణ్ణం. నేను సీట్లోంచి లేచి చప్పట్లు కొడితే, కండక్టరమ్మాయి, "స్టేజి ఇంకా రాలేదు, కూర్చోండి తాతగారూ" అంది.

కూర్చుని కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద పనిచేసేవాళ్ళు సగం చూపు పని మీద, సగం చూపు వచ్చే బండి మీద పెట్టి బతుకుతారని మొహిద్దీన్ గారి దగ్గర తెలుసుకున్నవాణ్ణి. మేము దాటి పోయేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ నర్సమ్మ ఒక్కసారి కూడా తల తిప్పి రోడ్డు వైపు చూడలేదండీ. రెండు చేతులూ, రెండు కళ్ళూ ఆ మనిషి మీదే ఉన్నాయి.

నన్ను భరించిన శిష్యులకి, తప్పు చెబితే తలుపు వెయ్యకుండా ఫోను చేతికిచ్చిన తాహిర్ గారికి, ఆ రోజు లోపలికి వెళ్ళిపోయి ఇవాళ ఈ సభకి వచ్చి కూర్చున్న జుబేదా గారికి, అధ్యక్షుల వారికి, నా సత్యవేణికి కృతజ్ఞతలు. ఇడ్లీలు చల్లారకముందే నేను పక్కకి జరుగుతున్నాను. సెలవండీ.